వెన్నుపాము రక్తనాళ లోపాలకు చిన్న కోతతో శస్త్రచికిత్స

యాభై ఏళ్లు దాటినవారిలో కాళ్ల బలహీనత, తిమ్మిరి, నడకలో తడబాటు కనిపిస్తే డిస్కు జారిందనో, మధుమేహం వల్ల నరాలు దెబ్బతిన్నాయనో భావించడం సాధారణం. మూత్ర విసర్జనలో ఇబ్బంది తోడైతే పురుషుల్లో అనుమానం ప్రోస్టేట్ గ్రంథిపైకి మళ్లుతుంది. కొందరిలో మాత్రం అసలు కారణం వెన్నుపాము రక్తనాళాల్లో ఉంటుంది. సకాలంలో గుర్తిస్తే ఇది చికిత్సకు లొంగే వ్యాధి.

ఈ లోపాల్లో అత్యధికంగా కనిపించేది డ్యూరల్ ధమనీ సిరల ఫిస్టులా. స్త్రీలకన్నా పురుషుల్లో ఇది ఎక్కువ. వెన్నుపామును కప్పి ఉంచే డ్యూరా పొరలో ఒక ధమని, కేశనాళికల ప్రమేయం లేకుండా, నేరుగా సిరతో కలుస్తుంది. అధిక పీడనంతో వచ్చే ధమని రక్తం సిరల్లో చేరడంతో వెన్నుపాము నుంచి రక్తం వెలుపలికి పోవడం కష్టమవుతుంది. వెన్నుపాము వాచి, ప్రాణవాయువు చాలక క్రమంగా దెబ్బతింటుంది. ఫ్రెంచ్ వైద్యులు ఫ్వా, అలజువానిన్ 1926లో వెన్నుపాము ఇలా క్షీణించడాన్ని వర్ణించారు. ఇది నయం కాని స్థితి అని చాలాకాలం భావించారు.

ఎంఆర్ఐ పరీక్షలో వెన్నుపాము వాపు, మెలికలు తిరిగిన సిరలు కనిపిస్తాయి. లోపం కచ్చితంగా ఎక్కడుందో వెన్నుపాము యాంజియోగ్రఫీ తేలుస్తుంది.

చికిత్స రెండు విధాలు. మొదటిది ఎంబోలైజేషన్. గజ్జ లేదా మణికట్టు వద్ద ధమనిలోకి సన్నని కాథెటర్‌ను పంపి, జిగురు వంటి ద్రవంతో ఫిస్టులాను మూసివేస్తారు. ద్రవం సిర ఆరంభ భాగం వరకు చేరకపోతే లోపం తిరగబెట్టవచ్చు. వెన్నుపాముకు రక్తం అందించే ముఖ్య ధమని కూడా అదే చోట మొదలైతే ఈ పద్ధతి ప్రమాదకరం.

అలాంటప్పుడు శస్త్రచికిత్సే మేలు. కొద్ది సెంటీమీటర్ల కోత పెట్టి, కండరాలను గొట్టం వంటి పరికరంతో పక్కకు జరిపి, కొద్దిపాటి ఎముకను మాత్రమే తొలగిస్తారు. మైక్రోస్కోప్ సాయంతో సిరను గుర్తించి, ఫిస్టులా నుంచి దానిని వేరుచేస్తారు. పెద్ద కోతతో పోలిస్తే కండరాలకు హాని, రక్తస్రావం, నొప్పి తక్కువ. అయితే వెన్నుపాము లోపలే అల్లుకుపోయిన రక్తనాళాల చిక్కుముడులకు ఈ పద్ధతి అన్నివేళలా సరిపోదు.

చికిత్స తర్వాత చాలామందిలో నడక మెరుగుపడుతుంది లేదా క్షీణత ఆగుతుంది. మూత్ర సమస్యలు మాత్రం అంత సులభంగా తగ్గవు. కోలుకునే అవకాశం చికిత్స నాటికి మిగిలిన శక్తిపై ఆధారపడుతుంది. అందువల్ల కాళ్ల బలహీనత పెరుగుతున్నవారు నాడీ వైద్యుణ్ణి సంప్రదించడంలో జాప్యం చేయరాదు.