గాలి ఆగిందని తలుపు తీయకండి



1864 అక్టోబరులో కలకత్తాను, నవంబరులో మచిలీపట్నాన్ని తుపానులు ముంచెత్తాయి. మచిలీపట్నం ప్రాంతంలోనే దాదాపు 30 వేల మంది చనిపోయారు. ముందుగా చెప్పే ఏర్పాటు అప్పట్లో లేదు. ఆ విషాదాలు, తర్వాత వచ్చిన కరువుల వల్లే 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది.

ఇప్పుడు ఉపగ్రహాలు, రాడార్లు తుపానును ముందే పసిగడుతున్నాయి. అయినా ఒక గుర్తు మనమే తెలుసుకోవాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు నేను అక్కడ బంధువుల ఇంట్లో ఉన్నాను. గంటల తరబడి హోరెత్తిన గాలి ఒక్కసారిగా ఆగింది. అయిపోయిందనుకుని గడియ తీయబోయాను. పక్కవాటాలోని మత్స్యకార పెద్దాయన, "ఆగమ్మా, ఇంకా సగముంది" అని కేకేశారు. కాసేపటికే ఎదురు దిక్కు నుంచి గాలి విరుచుకుపడింది.

ఆ నిశ్శబ్దమే తుపాను కన్ను. సుడిగాలి నడిమధ్యన గాలి తగ్గుతుంది. అది దాటితే వెనక సగం వస్తుంది.

ఆ తుపానుకే మన మన్యంలోనూ సిల్వర్ ఓక్ చెట్లు కూలి కాఫీ తోటలు పాడయ్యాయి. కొండమీద ఉన్నాం, మనకేం కాదనుకోవద్దు.

హాస్టల్లో ఏటా అక్టోబరుకు ముందే పిల్లలకు ఈ సంగతి చెబుతున్నాను. ఫోన్ సిగ్నల్ అందని గూడేల్లో అవ్వాతాతలకు మన భాషలో మీరు చెప్పండి.