ప్రభుత్వ కార్యాలయ వివాదములు: స్వచ్ఛంద మధ్యవర్తిత్వము (అమెరికా)

ప్రభుత్వోద్యోగికిని అతని పై యధికారికిని నడుమ పొడమిన వివాదమును, ఆ వివాదముతో నెట్టి సంబంధమును లేని వేఱొక శాఖకు చెంది, మధ్యవర్తిత్వమున శిక్షణ పొందిన ఉద్యోగి, తన జీతమునకు మించి ప్రతిఫల మేమియు గొనక, ఉభయులను ఎదురెదుర కూర్చుండబెట్టి రాజీకి తెచ్చు పద్ధతి అమెరికా కేంద్ర ప్రభుత్వమున 1990 తరువాత వ్యాప్తిలోనికి వచ్చినది.

కార్మిక సంఘములకును యాజమాన్యములకును గల తగవులను చక్కబెట్టుటకై 1947 నాటి టాఫ్ట్-హార్ట్‌లీ చట్టము ఒక సంధాన సంస్థను నెలకొల్పియుండెను గాని, ఒంటరి గుమాస్తా తన యధికారి వర్ణభేదమునో లింగభేదమునో పాటించెనని చేయు ఫిర్యాదు వేఱు మార్గమున, విచారణ, వాంగ్మూలము, అప్పీలు అను మెట్లన్నియు నెక్కి, పలుమాఱు ఏండ్ల తరబడి సాగెడిది. అంతకాలమును వాది ప్రతివాదు లిరువురు నొకే గదిలో, ఒకరి ముఖ మొకరు చూడక, ప్రభుత్వపు పని చేయుచుండవలసినదే. ఈ దుఃస్థితి కంటె ఏ తీర్పైనను మేలని తోచుట సహజము.

1976లో మిన్నెసోటాలోని సెయింట్ పాల్ నగరమున జరిగిన ‘పౌండ్ సభ’ అను న్యాయవేత్తల సమావేశమున హార్వర్డ్ ఆచార్యుడు ఫ్రాంక్ సాండర్, తగవు స్వభావమును బట్టి తీర్చు మార్గమును ఎంచుకొనవలెనే గాని అన్నిటిని న్యాయస్థానమునకే తోలరాదని ప్రతిపాదించెను. ఆ యేడే సాన్ ఫ్రాన్సిస్కోలో ఇరుగుపొరుగువారే స్వచ్ఛందముగా తగవులు విను సంఘములు మొదలైనవి. ప్రభుత్వము తన యింటి తగవులకు ఈ మార్గము పట్టుటకు మఱి పదునాలుగేండ్లు పట్టినది. 1990 నాటి పరిపాలనా వివాద పరిష్కార చట్టము ప్రతి శాఖయు ఒక ఉన్నతాధికారిని ఈ పనికై నియమింపవలెనని విధించి, మధ్యవర్తి యెదుట పలికిన మాటలకు గోప్యతను కల్పించెను. 1996లో ఆ విధానము శాశ్వతమైనది.

చట్టము మార్గము చూపినను మధ్యవర్తులు దొరకవలెను గదా. సొంత శాఖవానిని పెట్టినచో ఫిర్యాదికి నమ్మకము చాలదు. బయటివానిని పిలిచినచో రుసుము చెల్లింపవలెను. దీనికి కనుగొన్న యుపాయము మిక్కిలి సులభము: ఒక శాఖ తన మధ్యవర్తిని పొరుగు శాఖకు పంపును, తనకు అవసరమైనపుడు అక్కడివానిని రప్పించుకొనును. వాషింగ్టన్ ప్రాంతమున ఆరోగ్య, మానవ సేవల శాఖకు చెందిన అప్పీళ్ల మండలి ఈ యిచ్చిపుచ్చుకొనుటను నిర్వహించెను. రాజధానికి దూరమైన సియాటిల్ వంటి నగరములలో, 1961లో అధ్యక్షుడు కెనెడీ స్థాపించిన సమాఖ్య కార్యనిర్వాహక మండలులు ఇందుకు అనువైనవి.

సమావేశము సామాన్యముగా ఒక దినములో ముగియును. మధ్యవర్తి తాను న్యాయాధిపతిని కానని ముందే చెప్పి, ఇరువురిని వరుసగా మాటాడనిచ్చి, పిదప ఒక్కొక్కరిని వేఱు గదిలో కలిసికొనును. మన రచ్చబండ కడ పెద్దమనుష్యులు చివరకు తీర్పు చెప్పుదురు, ఇతడు చెప్పరాదు. వ్యక్తిగత పత్రములనుండి మందలింపు లేఖను తొలగించుట, కోల్పోయిన సెలవును తిరిగి జమకట్టుట, వేఱు విభాగమునకు మార్చుట, ఒక్కొక్కప్పుడు కేవలము క్షమాపణ చెప్పుట: ఒడంబడికలలో కానవచ్చు షరతు లిట్టివే. క్షమాపణను ఆజ్ఞాపించుట న్యాయస్థానములకు అలవాటైన పని కాదు.

తపాలా శాఖ మాత్రము భిన్నమార్గమును త్రొక్కెను. 1994లో ఫ్లోరిడాలో నారంభించి దశాబ్దాంతమునకు దేశమంతట విస్తరింపజేసిన ‘రిడ్రెస్’ కార్యక్రమమునకు, సుమారు 8 లక్షల ఉద్యోగులు గల ఆ సంస్థ, రుసుము చెల్లించి బయటి మధ్యవర్తులనే రప్పించెను. రాజీ కుదుర్చుటకంటె ఒకరి మాట నొకరు ఆలకించునట్లు చేయుటయే దాని ప్రధాన లక్ష్యము. లీసా బింగ్‌హామ్ అను పండితురాలు దీనిని చిరకాలము పరిశీలించినది. అనంతర కాలమున లాంఛనమైన ఫిర్యాదులు గణనీయముగా తగ్గినవి.

1999 నవంబరు 9 నుండి అమలైన సమానోద్యోగావకాశ నియమములు ప్రతి శాఖయు ఇట్టి ప్రత్యామ్నాయ మార్గమును అందుబాటున ఉంచవలెనని నిర్దేశించినవి. ఫిర్యాది సంఘటన జరిగిన 45 దినములలో శాఖలోని సమానావకాశ సలహాదారుని కలిసికొనవలెను. సలహా దశకు మామూలు గడువు 30 దినములు, మధ్యవర్తిత్వమున కంగీకరించినచో 90 దినములు. ఫిర్యాది పాల్గొనుట యైచ్ఛికము. అయినను, అధికార బలము గలవానికిని లేనివానికిని ఒకే బల్లయొద్ద పీట వేసినంత మాత్రమున సమత్వము సిద్ధింపదను విమర్శ నిరాధారము కాదు. అందువలననే ఉద్యోగికి తోడుగా ప్రతినిధిని తెచ్చుకొను హక్కు విలువైనది.

ఉభయులు సంతకము చేసిన ఒడంబడిక ఇరుపక్షములకును బద్ధము. శాఖ దానిని ఉల్లంఘించినదని ఉద్యోగి తలచినచో, ఆ సంగతి తెలిసిన 30 దినములలో సమానావకాశ సంచాలకునికి వ్రాతమూలకముగా తెలిపి, దాని అమలునుగాని, ఆగిన చోటినుండి ఫిర్యాదును పునరుద్ధరించుటనుగాని కోరవచ్చును.