మహమ్మారికి మతమంటగట్టిన వేళ

1348వ సంవత్సరములో నల్లమృత్యువు ఐరోపాను కమ్ముకొన్నపుడు, యూదులు బావులలో విషము కలిపినారన్న వదంతి ఊరూర వ్యాపించినది. యూదులు సయితము అదే వ్యాధితో చచ్చుచున్నారు గదా యని పోపు ఆరవ క్లెమెంటు ప్రకటన వెలువరించినాడు, విన్నవారు కొద్ది. 1349 ఫిబ్రవరిలో స్ట్రాస్‌బర్గు నగరమున వందలాది యూదులను సజీవముగా దహించినారు. అప్పటికి ఆ నగరమునకు తెగులు ఇంకను రానేలేదు!

వదంతికి ఆనాడు కాళ్లు మాత్రమే ఉండెడివి. 2020లో మన దేశమున దానికి టెలివిజన్ తెరయు, చేతిలోని ఫోనును తోడైనవి.

ఆ మార్చి నెలలో ఢిల్లీ నిజాముద్దీనులోని తబ్లీగీ జమాత్ కేంద్రమున దేశవిదేశములనుండి వచ్చినవారు సమావేశమైనారు. మార్చి 24 రాత్రి లాక్‌డౌన్ ప్రకటించినారు. అప్పటికే రైళ్లు నిలిచినవి. అనేకులు అచ్చటనే చిక్కుకొన్నారు. వారిలో వ్యాధి సోకినది నిజము. ఆంధ్ర, తెలంగాణ జిల్లాలకు తిరిగివచ్చినవారిలో బయటపడినదియు నిజమే. దేశమున 14,378 కేసులలో 4,291 ఈ సమావేశముతో ముడిపడినవని ఏప్రిల్ 18న కేంద్ర ఆరోగ్యశాఖ లెక్క చెప్పినది. ఒక సమావేశమునకు పోయినవారిని పేరుపేరున వెదకి పరీక్షించినపుడు రోగులు వారిలో ఎక్కువగా కనబడుట సహజమన్న సంగతిని ఆ లెక్కతోపాటు చెప్పినవారు అరుదు.

అజాగ్రత్తను తప్పుపట్టుట వేరు. కావలెనని రోగము వెదజల్లినారనుట వేరు. కొన్ని ప్రసారములు ఈ రెంటి నడుమనున్న గీతను చెరిపివేసినవి. ‘కరోనా జిహాద్’ అను మాట పుట్టినది. పండ్లమ్ముకొనువాని పేరడిగి వీధిలోనికి రానీయని ఘటనలు జరిగినవి. తోపుడుబండిమీది అరటిపండునకు నిజాముద్దీనుతో ఏమి పొత్తు?

2020 ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు ధర్మాసనము 29 మంది విదేశీయులపై కేసులను కొట్టివేసినది. వారిని బలిపశువులుగా ఎన్నుకొన్నట్లు తోచుచున్నదనియు, పత్రికలు, టెలివిజన్ వారిపై పెద్ద ప్రచారము సాగించినవనియు తీర్పులో వ్రాసినది. డిసెంబరు 15న ఢిల్లీ న్యాయస్థానము మరి 36 మంది విదేశీయులను నిర్దోషులన్నది. ఆరోపణను వినిపించిన గొంతే సవరణనుకూడ అంత బిగ్గరగా వినిపించుట మా వృత్తిలో అరుదు. ఈ తీర్పుల విషయమునను అదే జరిగినది.

విదేశీయులకు ఆశ్రయమిచ్చినారని 70 మంది భారతీయులపై పెట్టిన 16 కేసులు మాత్రము ఇంకను ఐదేండ్లు నడచినవి. 2025 జూలై 17న ఢిల్లీ హైకోర్టు వానిని కొట్టివేసినది. వారు లాక్‌డౌన్ వలన కదలలేక చిక్కుకొన్న నిస్సహాయులనియు, రోగము వ్యాపింపజేసినట్లు అభియోగపత్రములలో ఆధారమే లేదనియు న్యాయమూర్తి నీనా బన్సల్ కృష్ణ తేల్చినారు.