వృద్ధుల మానసిక వైద్యం: ఓపీకి దారి

నిద్ర పట్టకపోవడం, దిగులు, ఆందోళన, అనుమానాలు, మతిమరుపు వంటి ఇబ్బందులకు అరవై దాటినవారు ఆసుపత్రిలో చేరకుండా ఓపీలో చూపించుకుని, మందులతో ఇంటికి వెళ్లే వైద్యమే వృద్ధుల ఔట్‌పేషెంట్ మానసిక వైద్యం. ఈ వయసులో వచ్చే మానసిక సమస్యల్లో చాలావాటికి ఇంతకు మించి అక్కర్లేదు. తెలుగు ఇళ్లలో మాత్రం సైకియాట్రిస్టు వంతు అందరి తర్వాత వస్తుంది. అప్పటికి ఊళ్లో ఆర్‌ఎంపీ ఎక్కించిన సెలైన్లు, గ్యాస్ మాత్రలు, ఈసీజీ, ఎండోస్కోపీ, తల స్కానింగ్ అన్నీ అయిపోయి ఉంటాయి. రిపోర్టులన్నీ నార్మల్. మనిషి మాత్రం చిక్కిపోతూనే ఉంటాడు.

పెద్దవాళ్లు దిగులుగా ఉందని చెప్పడం అరుదు. ఆకలి లేదంటారు. గుండె దడ, అరికాళ్ల మంటలు, ఒళ్లంతా నీరసం అంటారు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తోందంటారు. రోజూ పేపరు చదివే ఆయన పేపరు ముట్టడు, సీరియల్ తప్పనివ్వని ఆవిడ టీవీ వైపు చూడదు. ‘వయసు మీద పడింది కదా’ అని ఇంట్లోవాళ్లు సర్దుకుంటారు. ఆ సర్దుబాటే వైద్యాన్ని నెలల తరబడి వెనక్కి నెడుతుంది. డిప్రెషన్ వృద్ధాప్యంలో సహజంగా వచ్చే మార్పు కాదు, నయమయ్యే జబ్బు. 2011 జనాభా లెక్కల నాటికే దేశంలో అరవై దాటినవారు పది కోట్లకు పైగా ఉన్నారు. 2015-16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, అన్ని వయసులనూ కలిపి చూస్తే, జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మందికి చికిత్సే అందడం లేదు.

మొదట వెళ్లాల్సింది ఎప్పుడూ చూసే జనరల్ డాక్టరు దగ్గరికే. థైరాయిడ్ తగ్గినా, విటమిన్ బి12 లోపించినా, రక్తంలో సోడియం పడిపోయినా మనసు మందగిస్తుంది, మతి మసకబారుతుంది. మామూలు రక్త పరీక్షలతో ఇవి బయటపడతాయి. వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లి చూపించాలి. జలుబు మాత్రల్లో, మూత్రం ఆపుకోలేనప్పుడు ఇచ్చే మాత్రల్లో కొన్ని వృద్ధుల జ్ఞాపకశక్తిని దెబ్బతీస్తాయి. ఏళ్ల తరబడి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే అల్‌ప్రజోలం వంటి నిద్రమాత్రలైతే మత్తుకు, రాత్రిపూట బాత్‌రూమ్ దారిలో పడిపోవడానికి కారణమవుతాయి. అలాగని వాటిని ఒక్కసారిగా మానేయడమూ ప్రమాదమే, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి. నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ పొంతన లేకుండా మాట్లాడుతుంటే అది ఓపీ కేసు కాదు. మూత్రంలో ఇన్‌ఫెక్షనో, న్యుమోనియానో, పక్షవాతమో ఉండవచ్చు కాబట్టి ఆ రోజే అత్యవసర విభాగానికి తీసుకెళ్లాలి. చనిపోవాలని ఉందని అన్నా, ఆ ధోరణి కనిపించినా అంతే. పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఉంచే రైతు కుటుంబాలు వాటిని ముందుగా అందకుండా చేయాలి.

మానసిక వైద్యం అనగానే తెలంగాణలో ఎర్రగడ్డ, ఉత్తరాంధ్రలో చినవాల్తేరు గుర్తొస్తాయి. రెండుచోట్లా ఓపీ ఉంది, రెండూ అనుభవమున్న ఆసుపత్రులే. అయినా ఆ పేర్లు చెబితే పెద్దవాళ్లు బెదిరిపోతారు. వారిని అక్కడికే తీసుకెళ్లి తీరాలనేమీ లేదు. ఉస్మానియా, గాంధీ, వరంగల్ ఎంజీఎం, గుంటూరు జీజీహెచ్ వంటి బోధనాసుపత్రుల్లో, మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌లలో మిగతా విభాగాల మాదిరే సైకియాట్రీ ఓపీ కూడా నడుస్తుంది. షుగరు చూపించుకునే ఆవరణలోనే నిద్ర గురించీ చూపించుకోవచ్చు. 1982లో మొదలైన జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో జిల్లా స్థాయికి విస్తరించింది. అనంతపురం పక్కనే ఉన్న బళ్లారి జిల్లాలో నిమ్హాన్స్ చేసి చూపిన ప్రయోగమే దానికి నమూనా. ఈ జిల్లా కార్యక్రమం కిందనే జిల్లా ఆసుపత్రుల్లో సైకియాట్రిస్టును, మందులను అందుబాటులో ఉంచాలి. సీమ జిల్లాలవారు ఇప్పటికీ బెంగళూరు నిమ్హాన్స్‌కు వెళుతుంటారు. అక్కడ వృద్ధులకు ప్రత్యేక క్లినిక్ ఉంది. క్లిష్టమైన కేసుకు ఆ ప్రయాణం తగినదే. మామూలు డిప్రెషన్‌కు మాత్రం ప్రతి నెలా వెళ్లగలిగేంత దగ్గరలో ఉన్న డాక్టరే మేలు, ఎందుకంటే ఈ వైద్యం తరచూ మధ్యలోనే తెగిపోతుంది.

మతిమరుపు ప్రధానంగా ఉంటే న్యూరాలజిస్టు కూడా చూడాలి. అరవై దాటినవారిలో సుమారు 7.4 శాతం మందికి డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉందని 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. ఈ జబ్బు పరిశోధనలో హైదరాబాద్‌కు చోటుంది. అక్కడి నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా కనిపించిందని 2013లో ప్రకటించింది. చదువు రానివారిలోనూ ఆ తేడా ఉంది. తెలుగు, దక్కనీ, హిందీ కలిసి వినిపించే నగరంలోనే ఇలాంటి పరిశీలన సాధ్యమైంది.

డాక్టరు గదిలో కొడుకో కోడలో అన్నీ తామే చెప్పేస్తుంటారు. కుటుంబం చెప్పేది అవసరమే, ముఖ్యంగా మతిమరుపు విషయంలో. అయినా పెద్దమనిషితో డాక్టరు కాసేపు ఒంటరిగా మాట్లాడాలి. తిట్లు, దెబ్బలు, పెన్షన్ లాక్కోవడం లాంటివి బయటపడితే అప్పుడే బయటపడతాయి. రోగి వివరాలను గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. చెవి సరిగా వినపడనివారు వినికిడి యంత్రం పెట్టుకునే వెళ్లాలి, లేకపోతే వినపడక చెప్పని జవాబు మతిమరుపు లెక్కలో పడుతుంది.

డిప్రెషన్ మందులు పూర్తిగా పనిచేయడానికి నాలుగు నుంచి ఆరు వారాలు, వృద్ధుల్లో ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మొదటి వారంలో వికారం వచ్చిందనో, రెండు వారాలైనా గుణం లేదనో చాలామంది మానేస్తారు. ఈ ఆలస్యం సంగతి డాక్టరు మొదటిరోజే చెప్పాలి, చెప్పకపోతే ఇంట్లోవాళ్లు అడగాలి. ముఖ్యంగా కొన్ని బీపీ మాత్రలతో కలిసినప్పుడు ఈ మందులు సోడియాన్ని తగ్గించవచ్చు కాబట్టి మధ్యలో రక్త పరీక్ష ఉంటుంది.

మందొక్కటే మార్గమూ కాదు. గోవాలో అరవై దాటిన 181 మందితో జరిగిన ఒక ప్రయోగ ఫలితాలు 2019లో వెలువడ్డాయి. వారంతా డిప్రెషన్ అంచున ఉన్నవారు. డాక్టర్లు కాని, శిక్షణ పొందిన మామూలు మనుషులే కొందరితో కూర్చుని రోజువారీ సమస్యలను ఎలా పరిష్కరించుకోవాలో, నిద్రను ఎలా సరిచేసుకోవాలో నేర్పారు. ఏడాది తిరిగేసరికి మామూలు వైద్యం పొందినవారిలో నూటికి 14 మంది డిప్రెషన్‌లో పడితే, ఈ సాయం అందినవారిలో ఆ సంఖ్య నాలుగు. ఖరీదైన యంత్రాలేవీ అక్కర్లేని పని ఇది. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఎందుకు జరగకూడదన్నది ప్రభుత్వాలను గట్టిగా అడగాల్సిన ప్రశ్న.

కదల్లేనివారికి ఫోన్ ఉంది. 2022 అక్టోబర్ 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 నంబరులో రాత్రింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడుతుంది. వృద్ధుల హెల్ప్‌లైన్ ఎల్డర్‌లైన్ నంబరు 14567. దేశమంతటా విస్తరించిన ఈ సేవకు మూలం 2017లో హైదరాబాద్‌లో టాటా ట్రస్ట్స్, విజయవాహిని చారిటబుల్ ఫౌండేషన్ చేపట్టిన ప్రయత్నం.

ఖర్చు విషయంలో అపోహలు ఎక్కువ. డెబ్బై దాటినవారికి ఆయుష్మాన్ భారత్ ఇచ్చే అయిదు లక్షల రక్షణ ఆసుపత్రిలో చేరినప్పటికే, ఓపీ ఫీజుకూ నెలవారీ మాత్రలకూ వర్తించదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారికి ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో ఉచిత చికిత్స హక్కుగా ఇచ్చింది. శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలన్న నిబంధన అందులోదే. ప్రభుత్వాసుపత్రుల్లో వృద్ధులకు వేరే వరుస ఉండాలని 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల సంక్షేమ చట్టం చెబుతోంది. వరుస కనిపించకపోతే అడగవచ్చు.

మనవళ్లను చూసుకోవడానికి అమెరికా వెళ్లే తల్లిదండ్రుల సంగతి వేరు. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్‌లోని పార్ట్ బి ఓపీ మానసిక వైద్యానికి చెల్లిస్తుంది, కానీ గ్రీన్‌కార్డుతో వెళ్లినవారు సొమ్ము కట్టి అందులో చేరాలన్నా అయిదేళ్ల నివాసం ఉండాలి. విజిటర్ వీసా మీద వెళ్లినవారికి ఆ దారీ లేదు. ఇక్కడి డాక్టరు ఫోన్‌లో చూద్దామన్నా, 2020 టెలిమెడిసిన్ మార్గదర్శకాలు దేశం వెలుపల ఉన్నవారికి వర్తించవు. అందుకే బయల్దేరేముందే చూపించుకుని, సరిపడా మందులతో పాటు వాటి జెనరిక్ పేర్లు రాసిన ప్రిస్క్రిప్షన్ దగ్గర పెట్టుకోవాలి.

ఇంట్లో చూసుకునేవారికి కూడా ఓపీ అవసరం పడుతుంది. డిమెన్షియా ఉన్న భర్తను రాత్రంతా కాచుకునే డెబ్బై ఏళ్ల భార్యకు ఎలా ఉందని ఎవరూ అడగరు. 1992లో కేరళలో పుట్టిన అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియా ఇలాంటి కుటుంబాల కోసం పనిచేస్తోంది. దానికి హైదరాబాద్‌లో శాఖ ఉంది. భర్తకు ఓపీ చీటీ రాయించే రోజున ఆవిడ పేరు మీద కూడా ఒకటి రాయించవచ్చు.