‘తేలికపాటి’ జ్వరం ఎవరికి?

2022 జనవరిలో మౌలాలిలో దగ్గు వినిపించని ఇల్లు లేదు. రైల్వే క్వార్టర్లలో, హౌసింగ్ బోర్డు కాలనీలో, గుట్ట కింది బస్తీల్లో ఒకరి తర్వాత ఒకరు మంచాన పడి లేచారు. ‘ఈసారిది తేలిక, మూడు రోజుల్లో పోతుంది’ అని అందరూ అన్నారు. అంతకు ఎనిమిది నెలల ముందు ఆక్సిజన్ సిలిండర్ల కోసం పరుగులు పెట్టిన మనుషులకు ఆ మాట ఎంత ఊరటో నాకు తెలుసు. కానీ అది ఎవరి అనుభవంలోంచి పుట్టింది, ఎవరి అనుభవాన్ని కప్పేసింది అన్న ప్రశ్న నన్ను వదల్లేదు. కోవిడ్ చరిత్రను మనం వేరియంట్ల పేర్లతో చెప్పుకుంటున్నాం. రోగుల చరిత్ర రాయడానికి ఆ పేర్లు సరిపోతాయా?

వేరియంట్ల మధ్య తేడా లేదని నేననడం లేదు. 2020 మార్చి 2న తెలంగాణలో మొదటి కేసు బయటపడింది. సికింద్రాబాద్ గాంధీ ఆస్పత్రి ఆ రోజుల్లో అందరి నోటా నలిగింది. జ్వరం, పొడిదగ్గు, వాసన తెలియకపోవడం అప్పటి గుర్తులు. 2020 చివర్లో మహారాష్ట్ర నమూనాల్లో కనిపించిన కొత్త రకానికి 2021 మే 31న ప్రపంచ ఆరోగ్య సంస్థ డెల్టా అని పేరు పెట్టింది. మౌలాలికి కొద్ది కిలోమీటర్ల దూరంలో, హబ్సిగూడలో ఉన్న సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా ఈ జన్యుక్రమాలను చదివే పనిలో ఉన్నారు. వైరస్ ఒంటిమీది ముల్లులాంటి స్పైక్ ప్రొటీన్‌లో వచ్చిన మార్పుల వల్ల డెల్టా ఊపిరితిత్తుల కణాల్లోకి చొరబడడం సులువైంది. వయసులో ఉన్నవాళ్లు కూడా జబ్బు మొదలైన వారం పదిరోజులకు ఊపిరందక కుప్పకూలారు. షుగర్ ఉండి, స్టెరాయిడ్లు వాడినవాళ్లలో కొందరికి బ్లాక్ ఫంగస్ తోడై కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రికి చేరారు.

2021 నవంబర్ 26న పేరు పెట్టుకున్న ఒమిక్రాన్ దారి వేరు. ఇది గొంతులో, శ్వాసనాళాల్లో ఎక్కువగా పెరిగింది. హాంకాంగ్ విశ్వవిద్యాలయం ప్రయోగశాలలో అది శ్వాసనాళ కణజాలంలో డెల్టా కంటే దాదాపు 70 రెట్లు వేగంగా పెరిగింది, ఊపిరితిత్తుల కణజాలంలో మాత్రం మందకొడిగా ఉంది. అందుకే గొంతునొప్పి, ముక్కు కారడం, ఒళ్లునొప్పులు ఎక్కువ, ఆక్సిజన్ అవసరం తక్కువ. అయితే ఆ తేలికదనమంతా వైరస్ మంచితనం కాదు. అప్పటికి మనలో చాలామందికి టీకా పడింది, లేదా ఒకసారి జబ్బు వచ్చి పోయింది. టీకా వేసుకోని వృద్ధులు ఎక్కువగా ఉన్న హాంకాంగ్‌లో ఇదే ఒమిక్రాన్ 2022 ఫిబ్రవరి, మార్చి నెలల్లో వేలమందిని చంపింది. వేరియంట్ ఒకటే అయినా, అది చేరిన శరీరానికి ముందే ఏ రక్షణ దొరికింది అన్నదాన్ని బట్టి ఫలితం మారింది.

ఆ రక్షణ దగ్గరే ఆడవాళ్ల కథ మొదలవుతుంది. గర్భిణులు, బాలింతల మీద ఐసీఎంఆర్ చేసిన అధ్యయనంలో, మొదటి తరంగంలో జబ్బు లక్షణాలు కనిపించినవారు 14.2 శాతం, రెండో తరంగంలో 28.7 శాతం. మరణాల రేటు 0.7 నుంచి 5.7 శాతానికి పెరిగింది. డెల్టా గర్భిణుల మీద పగబట్టినట్టు కనిపించే అంకెలివి. కానీ టీకా ప్రయోగాల్లో గర్భిణులను చేర్చుకోలేదు, వాళ్లకు టీకా వేయడానికి కేంద్రం 2021 జూలై 2న గాని అనుమతించలేదు. డెల్టా విజృంభించిన ఏప్రిల్, మే నెలలు అప్పటికే గడిచిపోయాయి. వాళ్ల మరణాలకు కారణం రాసేటప్పుడు డెల్టా అని రాసి ఊరుకుంటే సగమే రాసినట్టు. దానికి తోడు, 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత. ఏ వేరియంటూ రాకముందే ఉన్న నీరసం అది.

లెక్కల్లో మాత్రం కోవిడ్ మగవాళ్ల జబ్బుగా నమోదైంది. 2020 మే 20 నాటికి దేశంలో నమోదైన కేసుల్లో 66 శాతం మగవాళ్లవేనని ఒక అధ్యయనం చెప్పింది. కేసుల్లో మరణించినవారి నిష్పత్తి మాత్రం మగవాళ్లలో 2.9 శాతం, ఆడవాళ్లలో 3.3 శాతం. మగవాళ్లు బయట ఎక్కువ తిరిగారన్నది ఒక కారణం కావచ్చు. పరీక్ష దాకా వెళ్లిన ఆడవాళ్లెందరు అన్నది కూడా అడగాల్సిన ప్రశ్నే.

ఈ ప్రశ్న కొత్తది కాదు. నూరేళ్ల కిందటి ఇన్‌ఫ్లుయెంజా కూడా రెండు ముఖాలతో వచ్చింది. 1918 జూన్‌లో బొంబాయిలో మొదలైన తరంగం తేలికగానే పోయింది. సెప్టెంబర్ నుంచి వచ్చింది మాత్రం ఇరవై నుంచి నలభై ఏళ్ల వాళ్లను పిట్టల్లా రాల్చింది. జబ్బు రైళ్లెక్కి దేశమంతా తిరిగింది. వాడి మీదుగా బొంబాయికి మార్గం కలిపిన నిజాం రైలు 1874లోనే సికింద్రాబాద్ చేరింది. అక్కడి నుంచి 1886లో వరంగల్ వైపు వేసిన దారి మౌలాలి మీదుగానే పోతుంది. దేశంలో కోటీ ఇరవై లక్షల నుంచి రెండు కోట్ల దాకా చనిపోయారని అంచనా. 1911, 1921 జనాభా లెక్కల మధ్య హైదరాబాద్ సంస్థానం జనాభా దాదాపు ఏడు శాతం తగ్గింది. అందులో ప్లేగుకూ కరువుకూ కూడా వాటా ఉంది.

ఆ ఇన్‌ఫ్లుయెంజాలో మగవాళ్ల కంటే ఆడవాళ్లే ఎక్కువగా చనిపోయారని ఆనాటి వలస ప్రభుత్వ ఆరోగ్యాధికారులే గమనించారు. తిండి తక్కువ, గాలి ఆడని గదులు, రోగులకు సేవ, తమకు జ్వరమొచ్చినా ఆగని చాకిరీ. వైరస్ ఎలా ఉంటుందో ఎవరూ చూడని కాలంలోనే ఈ కారణాలు కళ్లకు కనిపించాయి. దేశంలో వెయ్యిమంది మగవాళ్లకు 1911లో 964 మంది ఆడవాళ్లుంటే, 1921 నాటికి 955 అయ్యారు.

2022లో జర్మనీ పరిశోధకులు ప్రచురించిన ఒక అధ్యయనం నన్ను ఆపేసింది. మ్యూజియంలలో దాచిన 1918 నాటి ఊపిరితిత్తుల ముక్కల నుంచి వాళ్లు వైరస్ జన్యుక్రమాన్ని చదివి, తరంగాల మధ్య అది మనిషి శరీరానికి అలవాటుపడిన జాడలు పట్టుకున్నారు. ముగ్గురిలో ఇద్దరు బెర్లిన్‌లో చనిపోయిన యువ సైనికులు. వాళ్ల మరణ తేదీ ఉంది, జూన్ 27. మూడో మనిషి మ్యూనిక్‌లో చనిపోయిన యువతి. పూర్తి జన్యుక్రమం దొరికింది ఆమె ఊపిరితిత్తుల్లోంచే. ఆమె ఏ నెలలో చనిపోయిందో మాత్రం నమోదు కాలేదు, సంవత్సరమే ఉంది. ఆమెలోని వైరస్ గురించి తెలిసినంత ఆమె గురించి తెలియదు.

మౌలాలి గుట్ట పాదం దగ్గర మహ్ లఖా బాయి చందా సమాధి ఉంది. తల్లి కోసం కట్టించుకున్న ఆ ఆవరణలోనే ఆమెను 1824లో పూడ్చారు. కవిత్వంతో పాటు జాగీర్లు, సంపద ఉన్న ఆడమనిషి కనుక రాతి కట్టడంలో పేరు నిలిచింది. 1918లో ఈ రైలుదారి పక్కన ఊపిరాగిన ఆడవాళ్ల పేర్లకు అలాంటి చోటు లేదు.

ఇక 2022 నాటి ‘తేలిక’ దగ్గరికి వద్దాం. మన దేశపు చికిత్సా మార్గదర్శకాల ప్రకారం ఆయాసం లేకుండా, ఆక్సిజన్ పడిపోకుండా ఉంటే అది తేలికపాటి జబ్బే. ఒళ్లు కాలిపోతున్నా అంతే. అది ఆస్పత్రి పడకలు ఎవరికివ్వాలో తేల్చడానికి పెట్టిన కొలత, అందుకు అవసరమైనదే. దాన్ని ఇంటికి తెచ్చుకున్నప్పుడే అర్థం మారిపోయింది. తేలికైన జబ్బు కాబట్టి వంట ఆగలేదు, అంట్లు ఆగలేదు. ఆశా వర్కర్ల తిరుగుడు ఆగలేదు, ఇళ్లలో పనిచేసేవాళ్లకు జీతం కోత ఆగలేదు. ఒకటే గది ఉన్న ఇంట్లో విడిగా ఉండమంటే ఎక్కడుంటారు? జ్వరం తగ్గిన నెలల తర్వాత కూడా వదలని నిస్సత్తువ, ఆయాసం, మతిమరుపు ఆడవాళ్లలోనే ఎక్కువని చాలా దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. ‘తేలికగా వచ్చి పోయింది కదా’ అన్నచోట ఆ ఫిర్యాదు సోమరితనంగానో, మనసు రోగంగానో మారిపోతుంది.

మా వీధి ఆడవాళ్లను ఈ మధ్య అడగడం మొదలుపెట్టాను. డెల్టా, ఒమిక్రాన్ అన్న మాటలు వాళ్ల నోట రావు. ‘ఆక్సిజన్ దొరకనప్పుడు’, ‘అందరం ఒకేసారి పడ్డప్పుడు’ అంటారు. తమకు ఎన్ని రోజులు జ్వరమొచ్చిందో చెప్పలేరు. ఇంట్లో మిగతావాళ్లకు ఎన్ని రోజులో వేళ్ల మీద లెక్కపెడతారు. తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల అనుభవాలను వాళ్ల నోటితోనే చెప్పించి, స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ వేసింది. ఆ పోరాటం ముగిసి అప్పటికి మూడు దశాబ్దాలు దాటింది. ఈ జబ్బు విషయంలో మనం అంతకాలం ఆగనక్కర్లేదు. జ్వరమొచ్చిన రోజు పొయ్యి ఎవరు వెలిగించారు, పరీక్షకు ఎవరు తీసుకెళ్లారు, టీకా ఎప్పుడు పడింది, మళ్లీ మామూలుగా మెట్లెక్కడానికి ఎన్నాళ్లు పట్టింది? ఈ నాలుగు ప్రశ్నలూ వేరియంట్ పేరు పక్కన రాసుకుంటూ పోదాం. జవాబు చెప్పేవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు.