సున్నా చుట్టూ తిరిగిన చక్రం

రూలెట్ చక్రం మీద 1 నుంచి 36 దాకా ఉన్న అంకెల వల్ల జూదశాలకు పైసా మిగలదు. ఒక అంకె మీద రూపాయి కాసి గెలిస్తే 35 రూపాయలిస్తారు, కాసిన రూపాయీ వెనక్కొస్తుంది. ఆ 36 గడుల్లో ప్రతిదాని మీదా రూపాయి చొప్పున పెట్టినవాడికి సరిగ్గా 36 రూపాయలే చేతికొస్తాయి. మరి ఆ పాలరాతి స్తంభాలూ షాండిలియర్లూ ఎవరి డబ్బు? పచ్చ రంగు వేసిన సున్నా గడిది. రూలెట్ రకాల మధ్య ఉన్న అసలు తేడా అంతా ఆ గడులు ఎన్ని అన్న దగ్గరే ఉంది.

ఈ చక్రాన్ని గణితవేత్త పాస్కల్ కనిపెట్టాడని చాలామంది చెబుతారు. ఆగకుండా తిరిగే యంత్రం కోసం ప్రయత్నిస్తుంటే ఇది పుట్టిందట. కథ బాగుంది కానీ ఆధారం బలహీనం. అంతకంటే గట్టి సాక్ష్యం చట్టాల్లో దొరుకుతుంది. ఇంగ్లండ్‌లో 1745 నాటి చట్టం రూలెట్‌ను పేరు పెట్టి మరీ నిషేధించింది. దాంతో అంకెలు తీసేసి, 'ఇ', 'ఓ' అనే రెండక్షరాలు మాత్రమే ఉన్న చక్రాలు వచ్చాయి, అంటే సరి, బేసి. చట్టం పేరు చూస్తే ఆటగాళ్లు పేరు మార్చారు. ఆ చక్రంలోనూ రెండు గడులు ఆడించేవాడి పక్షాన ఉండేవి.

ఇప్పుడు మనం గుర్తుపట్టే రూపం పారిస్‌లోని పాలే రాయల్‌లో కుదురుకుంది. 1796లో అక్కడ ఆడిన రూలెట్‌ను జాక్ లాబ్లే అనే రచయిత 1801లో వచ్చిన తన నవలలో వర్ణించాడు. అప్పటికే చక్రంలో సున్నా, జోడు సున్నా ఉన్నాయి. బ్యాంకుకున్న, అంటే ఆడించేవాడికున్న, లాభం ఆ రెండింటిదేనని ఆయన దాపరికం లేకుండా రాశాడు. తమాషా ఏమిటంటే అప్పట్లో సున్నా ఎరుపు, జోడు సున్నా నలుపు. ఎరుపు మీద కాసినవాడు సున్నా పడగానే గెలిచాననుకునేవాడు, బ్యాంకు కాదనేది. ఈ తగువులు తీర్చడానికే 19వ శతాబ్దంలో వాటికి పచ్చరంగు పూశారు.

1838 నాటికి ఫ్రాన్స్‌లో జూదశాలలు మూతపడ్డాయి. ఫ్రాంస్వా, లూయీ బ్లాంక్ అనే అన్నదమ్ములు సరిహద్దు దాటి జర్మన్ స్నానపట్టణం హోంబుర్గ్‌లో దుకాణం తెరిచారు. చుట్టుపక్కల పట్టణాలన్నీ జోడు సున్నాతో ఆడిస్తుంటే, వీళ్లు 1843లో ఒక సున్నాను తీసేశారు. వినడానికి చిన్న మార్పే. కానీ 38 రూపాయలు పెడితే 36 వచ్చే ఆట కాస్తా 37 పెడితే 36 వచ్చే ఆటయింది. బ్యాంకు వాటా 5.26 శాతం నుంచి 2.70 శాతానికి దిగింది. తక్కువ మార్జిన్ పెట్టి ఎక్కువ సరుకు అమ్మడం తెలిసిన వ్యాపారి బుద్ధి ఇది. జనం విరగబడ్డారు. దస్తయేవ్‌స్కీ కూడా అక్కడ డబ్బు పోగొట్టుకున్నవాడే. 1866లో రాసిన 'జూదరి' నవలలో ముసలావిడ పట్టుబట్టి సున్నా మీదే కాస్తుంది.

ప్రష్యా పాలకులు 1872 చివర్లో హోంబుర్గ్ ఆటకు తెర దించారు. అప్పటికే ఫ్రాంస్వా బ్లాంక్ ముందుచూపుతో 1863లో మొనాకోలో జూదశాల నడిపే హక్కులు సంపాదించాడు. ఒంటి సున్నా అతని వెంటే అక్కడి మాంటె కార్లోకు వెళ్లింది, అక్కణ్నుంచి యూరప్ అంతా పాకింది. ఫ్రెంచి బల్లల మీద ఇంకో మెత్తదనం కూడా ఉంది: ఎరుపు-నలుపు, సరి-బేసి వంటి పందేల్లో సున్నా పడితే సగం సొమ్ము వెనక్కిచ్చేస్తారు. అప్పుడు బ్యాంకు వాటా 1.35 శాతమే.

ఇక గడుల వరస. ఒంటి సున్నా చక్రంలో సున్నా తర్వాత 32, 15, 19, 4, 21, 2, 25 అంటూ సాగుతుంది. చూడ్డానికి లాటరీ తీసి వేసినట్టుంటుంది, కానీ లెక్క ఉంది. ఎరుపు పక్కన నలుపు, 18కి పైబడిన అంకె పక్కన లోపలి అంకె. ఈ రెండో నియమం తప్పేది సున్నాకు సరిగ్గా ఎదురుగా ఒక్కచోట: 10, 5 రెండూ చిన్నవే పక్కపక్కన పడ్డాయి. మళ్లీ సున్నాకు ఇటూ అటూ ఉన్న 26, 32 రెండూ పెద్దవే. చక్రం ఒక పక్కకు ఒరిగినా ఏదో ఒక రంగుకో, ఒక వరసకో అదృష్టం అంటకుండా చూడ్డమే దీని పని.

అమెరికా చక్రం వేరే బుర్రలోంచి వచ్చింది. సున్నా, జోడు సున్నా ఎదురెదురుగా ఉంటాయి. మిగతా ప్రతి బేసి అంకెకు ఎదురుగా దాని తర్వాతి సరి అంకె: 1కి ఎదురు 2, 27కి ఎదురు 28. కళ్లకు ఇంపుగానే ఉంది, ఖర్చు మాత్రం ఎక్కువ. పైగా సున్నా, జోడు సున్నా, 1, 2, 3 కలిపి కాసే అయిదంకెల పందెం ఉంది. దానికి ఒకటికి ఆరే ఇస్తారు, బ్యాంకు వాటా 7.89 శాతం. ఆ బల్ల మీద అంతకు మించిన చెడ్డ పందెం లేదు.

నిజానికి అమెరికా అంతకంటే ముదురు చక్రాన్నీ చూసింది. 1886 నాటి ఒక ఆటల పుస్తకం వర్ణించినదాంట్లో 1 నుంచి 28 దాకా అంకెలు, ఒక సున్నా, ఒక జోడు సున్నా, వాటికి తోడు ఒక గద్ద బొమ్మ. మొత్తం 31 గడులు, గెలిస్తే వచ్చేది 27. నూటికి దాదాపు పదమూడు బ్యాంకుకే. దేశం గుర్తయిన గద్దే బ్యాంకు జేబు నింపింది మరి.

చక్రాన్నే ఎదుర్కొన్నవాళ్లూ లేకపోలేదు. యార్క్‌షైర్ నుంచి వచ్చిన జోసెఫ్ జాగర్ 1880 ప్రాంతంలో మాంటె కార్లోలో చక్రాలు ఏ అంకెల వైపు మొగ్గుతున్నాయో రాయించి, ఆ అంకెల మీదే కాసి పెద్ద మొత్తం గెలిచాడు. 1990లలో స్పెయిన్‌కు చెందిన గొన్సాలో గార్సియా పెలాయో మాడ్రిడ్ కాసినోలో అదే పని చేశాడు. కాసినో కోర్టుకెక్కితే 2004లో అక్కడి సుప్రీం కోర్టు అతనివైపే నిలిచింది. గడుల లోతు, గడులను విడదీసే రేకులు, బంతిని దారి తప్పించే లోహపు అడ్డాలు ఇప్పుడు అంత నిక్కచ్చిగా చెయ్యడానికి ఇలాంటి ఆటగాళ్ల ఒత్తిడీ ఒక కారణమే.

లాస్ వేగాస్ మాత్రం వెనక్కి నడిచింది. 2016లో వెనీషియన్ కాసినో మూడో సున్నా గడిని పెట్టింది. దాని మీద సున్నాకు బదులు అప్పటి యజమాని కంపెనీ పేరులోని 'ఎస్' అక్షరం ముద్రించింది. 39 పెడితే 36, బ్యాంకు వాటా 7.69 శాతం. అదే వీధిలోని ఇతర కాసినోలూ ఆ దారి పట్టాయి. తక్కువ మొత్తంతో ఆడే బల్లల దగ్గర మూడు సున్నాల చక్రాలు వెలిశాయి. బ్లాంక్ సోదరుల ఒంటి సున్నా అక్కడ ఎక్కువగా పెద్ద పందేలు కాసేవాళ్ల కోసం వేసిన బల్లల దగ్గరే కనిపిస్తుంది.