బరువు లేని కిరీటం: సికింద్రాబాదులో వేషరచన చరిత్ర

సికింద్రాబాదు పుట్టుక సైనికుల దుస్తులతో ముడిపడి ఉన్నది. నిజాం అలీఖాన్ 1798లో ఈస్టిండియా కంపెనీతో కుదుర్చుకున్న సైన్యసహకార ఒడంబడిక ఫలితంగా హుస్సేన్‌సాగరానికి ఉత్తరాన కంపెనీ పటాలాలు విడిది చేయగా, ఆ విడిది చుట్టూ ఒక బజారూ, బజారు చుట్టూ ఒక ఊరూ పెరిగి, 1806లో మూడవ నిజాం సికందర్ జా పేరు ఆ ఊరికి స్థిరపడింది. ఎవరు ఏ పటాలానికి చెందినవారో, ఏ హోదాలో ఉన్నవారో చొక్కా రంగును బట్టి, భుజంమీది పట్టీని బట్టి దూరం నుంచే పోల్చుకోగలిగిన ఆ ఊరిలో, మరొకరి రూపాన్ని తయారుచేసి ధరించే కళ రెండు శతాబ్దాలుగా అనేక మార్గాల్లో సాగుతూ వచ్చింది. చిత్రకథల్లోని, యానిమేషన్ చిత్రాల్లోని, వీడియో ఆటల్లోని పాత్రల వేషాలను స్వయంగా తయారుచేసుకుని ధరించే కాస్‌ప్లే అనే అభిరుచి ఇటీవలి దశాబ్దాల్లో హైదరాబాదు-సికింద్రాబాదు జంట నగరాల యువతలో వ్యాపించినప్పుడు, దానిని పూర్తిగా దిగుమతి సరుకుగా భావించడం పరిపాటి అయింది. పాత్రలు దిగుమతి అయిన మాట వాస్తవమే గాని, ఆ వేషం కట్టే చేతులకు అవసరమైన విద్య ఈ నేలకు కొత్తది కాదు.

ఆ విద్యను ప్రాచీన లాక్షణికులు చిన్నచూపు చూడలేదు. భరతుని నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం, వాచికం, సాత్త్వికం, ఆహార్యం అని నాలుగుగా విభజించి, వేషభూషల ద్వారా సాగే ఆహార్యాభినయాన్ని తిరిగి పుస్తం, అలంకారం, అంగరచన, సంజీవం అని నాలుగు తెగలు చేసింది. కొండలు, రథాలు, డాళ్లు, ఆయుధాలు మొదలైనవాటి నమూనాలను గుడ్డతో, తోలుతో, చాపతో, వెదురుతో కట్టే పని పుస్తం కాగా, పూలు, నగలు, వస్త్రాలు కూర్చడం అలంకారం. ఒంటికీ ముఖానికీ రంగు పూయడం అంగరచన. రంగస్థలం మీదికి ప్రాణులను ప్రవేశపెట్టడం సంజీవం. నటుడు నిజమైన లోహపు ఆయుధాలనూ, బరువైన ఆభరణాలనూ ధరించరాదనీ, ధరిస్తే కదలికకు అడ్డం కలిగి అలసట కమ్ముకుంటుందనీ, అందువల్ల తేలికపాటి పదార్థాలతో చేసి లక్కతో, అభ్రకంతో మెరుగు పెట్టాలనీ ఆ గ్రంథం నిర్దేశించింది. చూపుకు బరువుగా, ఒంటికి తేలికగా ఉండాలన్న ఈ సూత్రమే వేషరచనకు మూలసూత్రమని చెప్పవచ్చు. తెలంగాణ చిందు భాగవతులు నిర్మల్ బొమ్మలకు వాడే తేలికైన పొణికి కర్రతోనే కిరీటాలనూ, భుజాలమీద రెక్కల్లా నిలిచే భుజకీర్తులనూ చెక్కి, వాటికి అద్దపు ముక్కలను, తళుకు రేకును అతికించుకోవడంలో ఆ సూత్రం గ్రంథసహాయం లేకుండానే అమలైంది. రాత్రంతా గంతులు వేస్తూ ఆడవలసిన మనిషికి తలమీది బరువు ఎంత ఉండాలో ఆ తల కన్నా బాగా చెప్పగల శాస్త్రం ఉండదు.

సికింద్రాబాదు చరిత్రతో ముడిపడిన వేషాన్ని వెదకవలసివస్తే ఉజ్జయినీ మహంకాళి జాతరలోని పోతరాజు వద్దకే చేరవలసి ఉంటుంది. ఆలయ చరిత్రగా చెప్పుకునేదాని ప్రకారం, సైన్యంలో డోలీ మోసే ఉద్యోగంలో ఉన్న సురటి అప్పయ్య 1813లో ఉజ్జయినిలో ఉండగా కలరా ప్రబలడంతో, గండం గడిస్తే తమ ఊరిలో అమ్మవారికి గుడి కడతామని తోటివారితో కలిసి మొక్కుకుని, తిరిగి వచ్చిన పిదప 1815లో చెక్క విగ్రహాన్ని ప్రతిష్ఠించాడు. ఇలా పటాలంతో పాటు వచ్చిన ఆ మొక్కు చుట్టూ పెరిగిన ఆషాఢ జాతరలో అమ్మవారి తమ్ముడైన పోతరాజు ఒళ్లంతా పసుపు పూసుకుని, నుదుట కుంకుమ దిద్దుకుని, ఎర్రని ధోవతి బిగించి, కాళ్లకు గజ్జెలు, నడుముకు వేపమండలు కట్టి, కొరడా ఝళిపిస్తూ, అమ్మవారికి నైవేద్యం తెచ్చే ఫలహారపు బండ్లకు ముందు నడుస్తాడు. ఈ వేషంలో కుట్టవలసిన బట్ట దాదాపు లేదు. ఒళ్లే ఇక్కడ ఆహార్యమవుతుంది. చూసేవారు ఆ మనిషిని నటుడిగా గాక పోతరాజుగానే సంబోధిస్తారు, ఆ గౌరవం వేషం తీసే వరకు నిలుస్తుంది. తెలంగాణలో పీరీల పండుగకు, అంటే మొహర్రానికి, మొక్కు తీర్చుకోవడం కోసం కొందరు పులివేషం వేసేదీ ఇదే కోవకు చెందుతుంది.

ఇదే ఊరిలో, కంటోన్మెంటు వైపు, వేషధారణ మరో ప్రయోజనానికి ఉపయోగపడింది. పంతొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధంలో బ్రిటిష్ సమాజానికి ఫ్యాన్సీ డ్రెస్ విందులంటే, అంటే అతిథులందరూ చారిత్రక వ్యక్తులుగానో, కథల్లోని పాత్రలుగానో, ఋతువులు, పూలు, పురుగుల రూపాల్లోనో హాజరయ్యే నృత్యవినోదాలంటే అమితమైన మోజు ఉండేది. ఏ వేషానికి ఏ బట్ట, ఏ రంగు, ఏ నగ వాడాలో వివరించే ఆర్డర్న్ హోల్ట్ కైపుస్తకం 1879లో లండనులో వెలువడి పలుమార్లు పునర్ముద్రణ పొందడమే ఆ మోజుకు నిదర్శనం. 1878లో ఏర్పడిన సికింద్రాబాదు క్లబ్బు వంటి సంస్థలు ఉన్న కంటోన్మెంట్లన్నిటా ఇటువంటి వినోదాలు, ఔత్సాహిక నాటకాలు దొరల సాయంకాలాలను నింపేవి. వేషంతో పాటు ఛాయాచిత్రం కూడా ఆ సంస్కృతిలో భాగమైంది. 1897లో లండనులోని డెవన్‌షైర్ హౌస్‌లో జరిగిన సుప్రసిద్ధ వేషవిందుకు వచ్చిన అతిథులను లఫాయెట్ స్టూడియో వారు వరుసగా ఫోటోలు తీయడం వల్ల ఆ దుస్తుల వివరాలు నేటికీ మిగిలి ఉన్నాయి. ఇక్కడ 1880లలో సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పి, ఆరవ నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడై, 1892లో హైదరాబాదులో స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో కూడా నడిపిన రాజా దీన్‌దయాళ్ చేతిలో దుస్తుల ధగధగ, పట్టు మడతల నీడలు, సైనిక పతకాల వరుసలు శాశ్వతత్వం పొందాయి. దుస్తులు ధరించి కెమెరా ఎదుట కదలకుండా నిలబడే ఆ అలవాటు నేటి కాస్‌ప్లే ప్రదర్శనల్లోనూ అంతే ముఖ్యమైన అంగంగా కొనసాగుతున్నది.

ఆ ఫ్యాన్సీ డ్రెస్ విందుల్లో తూర్పుదేశపు రాజులుగా, రాణులుగా ముస్తాబు కావడం దొరలకు, దొరసానులకు ఇష్టమైన వినోదం. అదే కాలపు పాలనకు తెలంగాణ పల్లెల నుంచి వచ్చిన ప్రతివేషం ఒకటి ఉన్నది. పిట్టల దొర అనీ, తుపాకి రాముడు అనీ, లత్కోరు సాబు అనీ పిలువబడే ఆ జానపద వేషధారి పాతబడిన ఖాకీ నిక్కరు, వదులైన కోటు, నెత్తిన టోపీ, చేతిలో కర్ర తుపాకితో వీధిలోకి వచ్చి, తనకు లేని జాగీర్ల గురించి, తాను వేటాడని పులుల గురించి ఊపిరి సలపనంత వేగంగా కోతలు కోస్తూ జనాన్ని నవ్విస్తాడు. ఆ వేషంలో ఏ ఒక్క వస్తువూ కొత్తది కాదు, ఏ ఒక్కటీ ఒంటికి సరిపోదు. సరిపోకపోవడంలోనే దాని అర్థమంతా ఇమిడి ఉన్నది. విందులో రాజుగా నిలిచిన దొర ఆ రాత్రికి మాత్రమే వేషం వేసినవాడు కాగా, దొరగా నిలిచిన పిట్టలవాడు అధికారం కూడా తొడుక్కున్న దుస్తుల వల్లనే నిలబడుతుందన్న సంగతిని పగటి వెలుగులో చూపినవాడు. పరిశోధకులు ఈ వేషాన్ని హాస్యం పద్దు కింద రాసి సరిపెట్టడం దానికి తగిన గౌరవం కాదు. వలసపాలన గురించి తెలంగాణ పల్లె చేసిన అత్యంత నిశితమైన వ్యాఖ్యల్లో అది ఒకటి.

పిట్టల దొరకు పుట్టిల్లు వంటిది పగటివేషాల సంప్రదాయం. రంగస్థలం, తెర, దీపాలు ఏవీ లేకుండా పట్టపగలు వీధుల్లో తిరుగుతూ ఆడేది గనుక దానికి ఆ పేరు వచ్చింది. ఒక బృందం ఊరిలో కొన్నాళ్లు మకాం వేసి, రోజుకొక వేషంతో, సోమయాజులు-సోమిదేవమ్మగా ఒకనాడు, ఎరుకలసానిగా, బుడబుక్కలవాడిగా, లంబాడీగా మరొకనాడు, ఇంటింటికీ వెళ్లి ఆయా వర్గాల మాట తీరును, నడక తీరును, కట్టు తీరును యథాతథంగా చూపేది. నూనె దీపాల మసక వెలుతురులో మరుగున పడే లోపాలు పగటి ఎండలో, అందునా రెండడుగుల దూరంలో నిలిచి చూసే గృహస్థుని కంటికి మరుగున పడవు కాబట్టి, ఈ కళాకారుల వేషరచన రంగస్థల నటులదాని కన్నా కఠినమైన పరీక్షకు నిలవవలసి వచ్చేది. అర్ధనారీశ్వర వేషం ఈ విద్యకు పరాకాష్ఠ: ఒకే శరీరాన్ని నిలువునా రెండుగా పంచి, ఒక సగాన్ని విభూతితో, జటలతో శివునిగాను, మరొక సగాన్ని చీరతో, నగలతో పార్వతిగాను తీర్చి, చిన్న తెరతో ఒక పక్కను కప్పుతూ రెండవ పక్కను చూపుతూ, క్షణాల్లో గొంతునూ నిలకడనూ మార్చి ఇద్దరి సంవాదాన్ని ఒక్కరే నడపవలసిన వేషమది. ముఖం మధ్యగా రెండు రంగులు కలిసే గీత వంకర పోతే వేషమంతా చెడిపోతుంది. ఆ గీతను గీసుకునేది ఆ వేషధారే. మరొకరి చేతికి దానిని అప్పగించే వీలు పగటివేషగాడికి ఉండేది కాదు.

వాడీ నుంచి సికింద్రాబాదుకు 1874లో రైలు మార్గం పడిన తరువాత నాటక సమాజాల రాకపోకలకు, వాటి పెట్టెలకు, తెరలకు దారి సుగమమైంది. 1870లలోనే బొంబాయి పారసీ నాటక సమాజాలు దివాను మొదటి సాలార్ జంగ్ కాలపు హైదరాబాదుకు రాగా, వాటి మెరిసే మఖమలు దుస్తుల ప్రభావం తెలుగు పౌరాణిక నాటకాల రాజవేషాలపై దీర్ఘకాలం నిలిచింది. కడప ప్రాంతపు సురభి గ్రామంలో 1885లో కీచకవధ నాటకంతో వనారస గోవిందరావు ఆరంభించిన సురభి సమాజం మాత్రం ఆ మెరుపును సొంత ఇంటి కార్ఖానాలో తయారుచేసుకున్నది. తోలుబొమ్మలాట వంశాల నుంచి వచ్చిన ఆ కుటుంబాల్లో నటించేవారే తెరలు చిత్రించి, దుస్తులు కుట్టి, కిరీటాలు అతికి, తీగలమీద దేవతలను ఎగిరించి, దీపాలు వెలిగించేవారు. స్త్రీపాత్రలను స్త్రీలే ధరించడం అక్కడ తొలినాళ్ల నుంచీ ఉన్న ఆచారం. ఇతర సమాజాల్లో ఆ పాత్రలు పురుషులవి కావడంతో వేషరచన మరో ఎత్తుకు చేరింది. బాపట్లలో 1902లో జన్మించి, సత్యభామగా, చింతామణిగా తెలుగు దేశమంతటా మన్నన పొంది, 1956లో పద్మశ్రీ అందుకున్న స్థానం నరసింహారావు, చీర కట్టే తీరును పాత్ర స్వభావానికి తగినట్లు మార్చి మార్చి చూపడాన్ని నటనలో విడదీయరాని భాగంగా చేసినవాడు. ఈనాటి కాస్‌ప్లేలో పురుష పాత్రలను స్త్రీలు, స్త్రీ పాత్రలను పురుషులు ధరించడం కనబడినప్పుడు ఆశ్చర్యపడే తెలుగు పాఠకుడు స్థానం వారిని ఒక్కమారు తలచుకోవడం మేలు.

ఇరవయ్యవ శతాబ్దపు ద్వితీయార్ధం నుంచి ఈ విద్య సామాన్యులకు రెండు రూపాల్లో అందుతూ వచ్చింది. పాఠశాలల్లో జరిగే ఫ్యాన్సీ డ్రెస్ పోటీల కోసం పిల్లలను కృష్ణుడిగా, గాంధీగా, అల్లూరి సీతారామరాజుగా ముస్తాబు చేయడం ఒకటి. దుస్తులు అద్దెకిచ్చే దుకాణాలు పెరిగాక అందులో తయారీ శ్రమ క్రమంగా తగ్గిపోయింది. రెండవది సినిమా: 1957 నాటి మాయాబజార్‌లోని శ్రీకృష్ణుని కిరీటం తెలుగువారి మనసులో కృష్ణునికి ఒక స్థిరమైన ఆకృతిని ఇవ్వగా, 2015లో వచ్చిన బాహుబలి కవచాలు కొత్త తరానికి యుద్ధవేషమంటే ఎలా ఉండాలో చూపాయి.

కాస్‌ప్లే అంతర్జాతీయ చరిత్ర సాధారణంగా 1939లో న్యూయార్క్‌లో జరిగిన తొలి ప్రపంచ వైజ్ఞానిక కల్పనా సాహిత్య సమావేశంతో మొదలవుతుంది. అక్కడికి ఫారెస్ట్ అకర్‌మన్, మర్టిల్ డగ్లస్ భవిష్యత్కాలపు దుస్తుల్లో వచ్చారు. ఇద్దరి దుస్తులనూ కుట్టినది డగ్లస్. ఆమెకు దక్కవలసిన ప్రథమస్థానం చాలాకాలం అకర్‌మన్ పేరు చాటున ఉండిపోవడం, కుట్టేవారి శ్రమను లోకం ఎలా లెక్కిస్తుందో తెలుపుతుంది. కాస్‌ప్లే అన్న పేరు 1983లో నొబుయుకి తకహషి రాసిన వ్యాసం ద్వారా జపాను పత్రిక మై అనిమేలో వెలువడింది. 2003 నుంచి నగోయా నగరంలో ప్రపంచ కాస్‌ప్లే సమ్మేళనం జరుగుతున్నది. భారతదేశంలో 2011లో ఢిల్లీలో కామిక్ కాన్ అనే చిత్రకథాభిమానుల ఉత్సవం ఆరంభమై, ఆ దశకంలోనే హైదరాబాదుకూ విస్తరించి, మాదాపూర్ ప్రాంతంలోని హైటెక్స్ ప్రదర్శనశాలలో జంట నగరాల వేషధారులకు కూడలి ఏర్పడింది.

ఈ వేషాల తయారీకి ఆధారం ఈవీఏ ఫోమ్, అంటే చెప్పుల అట్టలకు, నేలమీద పరిచే మెత్తని పలకలకు వాడే తేలికైన స్పాంజి వంటి పదార్థం. కొలతల ప్రకారం కాగితంమీద గీసిన నమూనాను పలకమీద ఉంచి పదునైన బ్లేడుతో కోసి, వేడిగాలి యంత్రంతో కాచి, మెత్తబడిన ముక్కను మోకాలి మీదనో గిన్నె మీదనో ఒత్తి వంపు తెచ్చి, గట్టి జిగురుతో అతికి, పైన పూతలు పూసి, వెండి రంగుమీద నలుపును అద్ది తుడిచి, ఎన్నో యుద్ధాలు చూసిన ఉక్కు కవచంలా కనిపించేటట్లు చేస్తారు. జనరల్ బజారులో దొరికే బట్ట, జరీ అంచులు, రాణీగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లోని జిగుర్లు, రంగులు, పనిముట్లు ఈ పనికి చాలావరకు సరిపోతాయి. భరతుడు చెప్పిన నాలుగు తెగల్లో మూడు, పుస్తమూ అంగరచనా అలంకారమూ, ఈ పనిలో కనిపిస్తాయి. లక్క ఉన్న చోటికి పూత, పొణికి కర్ర ఉన్న చోటికి ఫోము వచ్చాయి. పోటీ బరిలో దిగిన వేషాన్ని పనితనం, మూలపాత్రతో పోలిక, వేదికపై ప్రదర్శన అన్న అంశాలను బట్టి న్యాయనిర్ణేతలు అంచనా వేసేటప్పుడు, కొని తెచ్చిన దుస్తుల కన్నా సొంతంగా చేసుకున్నవాటికి దక్కే విలువ ఎక్కువ. ఈ ఒక్క నియమమే ఈ అభిరుచిని అద్దె దుస్తుల ఫ్యాన్సీ డ్రెస్ నుంచి వేరుచేసి, తన ముఖపు గీతను తానే గీసుకున్న పగటివేషగాడి సరసన నిలబెడుతున్నది.

అయితే రెండింటి మధ్య తేడాలు లేకపోలేదు. పగటివేషం కుటుంబంలో వంశానుగతంగా వచ్చి పొట్టకూటికి ఆధారమైన విద్య. కాస్‌ప్లే ఉద్యోగం, చదువు మిగిల్చిన రాత్రివేళల్లో, వీడియోలు చూసి నేర్చుకునే, ఆదాయం కన్నా ఖర్చే ఎక్కువైన వ్యాసంగం. జీవితకాలంలోనూ తేడా ఉన్నది: ఫోము వేడికి వంపు పోగొట్టుకుంటుంది, అతుకులు విడిపోతాయి, పూత పగుళ్లు వారుతుంది, కాని జాగ్రత్తగా దాచిన పొణికి కిరీటం రంగు మార్చుకుంటూ తరతరాలకు అందుతుంది. శేరిలింగంపల్లిలోని సురభి కాలనీలో ఆ పాత పనితనం ఎరిగిన కుటుంబాలు నేటికీ నివసిస్తున్నాయి, అక్కడి నుంచి సికింద్రాబాదు వరకు ఎంఎంటీఎస్ అనే లోకల్ రైళ్లు నడుస్తున్నాయి. కిరీటం బరువును చెవుల మీద పడకుండా తలచుట్టూ ఎలా పంచాలో, భుజకీర్తి చేయి ఎత్తినప్పుడు అడ్డం రాకుండా ఎక్కడ కట్టాలో, చెమటకు రంగు కారకుండా ముఖాన్ని ముందుగా ఎలా సిద్ధం చేయాలో ఆ కుటుంబాల వద్ద అనుభవంతో సాధించిన జవాబులున్నాయి. హైటెక్స్ ప్రదర్శనశాలలో రోజంతా కవచంతో నిలబడవలసిన యువతకు నిత్యం ఎదురయ్యేవి సరిగ్గా ఈ ప్రశ్నలే.